పొయ్యి పైన అరలో ప్లేటు

నాకేమీ అనిపించడం లేదు. ఈ ముక్క ముందే చెప్పేస్తే ఓ పనైపోతుంది. మా తమ్ముడు క్లీవన్ పోయిన దగ్గర్నుంచి ఊరు ఊరంతా నన్ను ఒకటే అడుగుతోంది. ఎలా ఉన్నావు వెర్లీన్, ఎలా ఉన్నావు తల్లీ. చర్చి మెట్ల మీద అడుగుతారు, పెట్రోలు బంకులో అడుగుతారు, జుట్టు చేయించుకోవడానికి పార్లరుకి పోతే నా తల తమవైపు తిప్పుకుని మరీ అడుగుతారు. ఎలా ఉంటాను? లేస్తున్నాను, మొహం కడుక్కుంటున్నాను, హోటల్ తలుపు తీస్తున్నాను. పళ్ళ డాక్టరు సూది పొడిచాక దవడ ఎలా ఉంటుందో, మనిషినంతా అలా ఉన్నాను. బాగానే ఉన్నానండీ అంటాను. వాళ్ళకి అది చాలు.

క్లీవన్ టైర్ల షాపు ముందు కారు దిగుతూ దిగుతూనే కూలబడిపోయాడు. గుండె. నేను ఆసుపత్రికి వెళ్ళేసరికే అంతా అయిపోయింది. బంధువులందరికీ ఫోన్లు చేసి చెప్పింది మా పిన్ని కూతురు డెలోయిస్. అమ్మకి చెప్పింది పాస్టర్ గారు. నేను పక్కన నిలబడి, పాస్టర్ గారి కోటుకి ఒక గుండీ ఊడిపోయి ఉంటే దాన్నే చూస్తూ ఉన్నాను.

మా ఊరు మేకన్‌లో మా నల్లవాళ్ళ ఇళ్ళల్లో ఎవరు పోయినా, పూడ్చిపెట్టి వచ్చాక చర్చి హాల్లో పెట్టే భోజనాలు మా హోటల్ నుంచే వెళ్తాయి. మా ఇంట్లో చావుకి మాత్రం చర్చివాళ్ళు మమ్మల్ని గరిటె ముట్టుకోనివ్వలేదు. కూర్చోండి మీరు, ఇవాళ మేం పెడతాం అన్నారు. కూర్చున్నాను. ఎవరో బంగాళాదుంపల సలాడ్ తెచ్చి ముందు పెట్టారు. ఆవపిండి ఎక్కువైంది అనుకున్నాను. తమ్ముణ్ణి మట్టిలో పెట్టి వచ్చిన రోజున నాకు గుర్తున్నది ఆ ఆవపిండే.

ఆ వెంటనే వచ్చిన ఆదివారమే అమ్మ హోటల్ తెరిచేసింది.

"జనం చర్చి నుంచి ఆకలితో వస్తారు, ఎక్కడికి పోతారు?" అంది. మా అమ్మ మోజెల్ అంతే. డెబ్భై దాటి ఎన్నేళ్ళయిందో అడిగితే, నీ వయసెంతో ముందు చెప్పు అంటుంది. బోర్డు మీద ఉన్నది ఆవిడ పేరే. మొక్కజొన్న రవ్వ జావ, అదే గ్రిట్స్, ఆ గిన్నె ఆవిడదే, ఆకుకూర ఆవిడదే, మాకరోనీ చీజ్ అయితే ఇంకొకళ్ళు ఆ గిన్నె వంక చూడ్డానికి కూడా లేదు. చికెనూ చేపా మాత్రం మగవాళ్ళ పని. ముందు నాన్న, నాన్న తర్వాత క్లీవన్. గోడవారగా ఉన్న పెద్ద పొయ్యి మీద నల్లటి ఇనప మూకుళ్ళు, వాటి ముందు నిలబడి ఆదివారమంతా వేయించడమే. నేను ముందు వైపు. డబ్బుల పెట్టె, బల్లలు, పలకరింపులు.

క్లీవన్ పోయాక ఆ మూకుళ్ళ ముందు నేను నిలబడ్డాను. ఇంకెవరున్నారు? నిలబడ్డం వరకే వచ్చింది గానీ వేయించడం రాలేదు. పైన నల్లబడేది, లోపల ఎముక దగ్గర పచ్చి. జనం పాపం నోరు మూసుకుని తిన్నారు. చావింటి మర్యాద. ఆ మర్యాద ఎన్నాళ్ళుంటుంది? మావాళ్ళు ఎవరింటికి వెళ్ళినా ప్లేటు ముందుకి రాగానే ఫోర్కు ఎత్తరు, ముందు "ఇదెవరు చేశారు?" అంటారు. పేరు నచ్చితేనే ముద్ద నోట్లోకి పోతుంది. "ఈ చికెన్ ఎవరు వేయించారమ్మా?" అని మా హోటల్లో ఏనాడూ ఎవరూ అడగలేదు. ఇప్పుడు అడగడం మొదలుపెట్టారు. నేనేనండీ అంటే, "అలాగా" అని మెల్లిగా గ్రిట్స్ వైపు జరిగేవాళ్ళు.

సరే, మనిషిని పెట్టుకుందాం అన్నాను. ఒకడు వచ్చాడు. ముక్కని ఫోర్కుతో పొడిచి తిప్పాడని అమ్మ వాడి చేతిలోంచి ఫోర్కు లాక్కుని, "నాయనా, నీకు బస్సు ఎన్నింటికి?" అంది. ఇంకొకడు వచ్చాడు. మూకుట్లో ముక్కల్ని ఒకదాని మీద ఒకటి కుక్కాడట. వాడికీ బస్సు టైము అడిగింది. అరవదు, తిట్టదు. బస్సు అడుగుతుంది, అంతే.

మూడో ఆయన ఈ ఆదివారం వస్తున్నాడు. ఈయన్ని కూడా తరిమేసిందంటే హోటల్ మూసేయడమే అని నేను తేల్చేసుకున్నాను. సోమవారం పొద్దున అమ్మకి చెప్పేస్తాను. డెలోయిస్‌కి అప్పుడే చెప్పాను కూడా. అది చేతిలో ఉన్న గ్లాసులు బల్ల మీద పెట్టేసి నా మొహంలోకి చూసింది.

"పెద్దమ్మ బతుకుతుందా అక్కా ఇది లేకపోతే?"

"ఉన్నా ఏం బతుకుతోంది? బుర్ర పోతోంది ఆవిడకి. నీకు తెలీదు."

"ఏమైంది?"

"ఏమీ కాలేదులే" అన్నాను. ప్లేటు సంగతి నేనెవరికీ చెప్పలేదు.

ఆ మూకుళ్ళ పొయ్యి పైన గోడకి చెక్క అర ఒకటి ఉంది. నాన్న ఉన్నప్పుడు అమ్మ ఆయన భోజనం ప్లేటులో సర్ది, వెండికాగితం కప్పి, ఆ అరలో పెట్టేది. జనం తగ్గాక తీసుకుని తినేవాడు. నాన్న తర్వాత క్లీవన్‌కి అలాగే పెట్టేది. ఆ అరంటే ఇక క్లీవన్‌దే. వాడి చిన్న రేడియో, వాడి కళ్ళజోడు, వాడి కారం సీసా అన్నీ అక్కడే. వాడు పోయాక, తెరిచిన మొదటి ఆదివారం నేను మూకుళ్ళ ముందు చెమటలు కక్కుతూ తలెత్తి చూస్తే, అరలో వెండికాగితం కప్పిన ప్లేటు ఉంది.

బల్లలు తుడిచి అందరూ వెళ్ళాక ప్లేటు తీసి చూశాను. కోడి రెక్కలు, చిలగడదుంపలు, మొక్కజొన్న రొట్టె. క్లీవన్ తొడ ముక్క తప్ప ముట్టేవాడు కాదు. చిలగడదుంప చూస్తేనే మొహం తిప్పేవాడు. సరే, కొడుకు లేడన్న సంగతే కాదు, కొడుకు ఏం తినేవాడో కూడా మర్చిపోయిందన్నమాట అనుకున్నాను. వెనక తలుపు తీసి చెత్తడబ్బాలో పోసేశాను. ప్లేటు కడిగి బోర్లించాను. ఏడుపు రావాలి కదా అలాంటప్పుడు? రాలేదు. తర్వాతి ఆదివారం మళ్ళీ పెట్టింది. మళ్ళీ పోసేశాను. ఆ తర్వాత అది కూడా తలుపు గడియ వేయడం లాంటి పనే అయిపోయింది.

ఈ ఆదివారం నెలలో మొదటిది. చర్చిలో ఆడవాళ్ళంతా తెల్లబట్టలు కడతారు, రొట్టె విరుస్తారు, ప్రార్థన లాగుతుంది, బయటికొచ్చేసరికి ఆకలి దంచేస్తుంది. ఇలాంటి రోజున ఆ మూడో ఆయన, ఆర్డెల్, వచ్చాడు. గుండు, పొట్ట, గుమ్మంలో అడుగుపెట్టినప్పట్నుంచీ ఆపకుండా మాటలు. అరవై దగ్గర పడి ఉంటుంది. తన ఏప్రన్ తనే తెచ్చుకున్నాడు.

"స్కూలు క్యాంటీన్లో చేశానమ్మా, బిలాక్సీలో పేకాట ఓడ మీద చేశాను, జైల్లో కూడా చేశాను" అన్నాడు. నా మొహం చూసి, "వంటవాడిగానేనమ్మా, లోపలున్నది వాళ్ళు" అన్నాడు.

అమ్మ గ్రిట్స్ కలుపుతూ వెనక్కి తిరక్కుండానే మొదలుపెట్టింది.

"కోడిలో నువ్వేం తింటావు?"

ఇదేదో కొత్త పరీక్ష.

"వీపు ముక్క అమ్మగారూ" అన్నాడు ఆర్డెల్.

"వీపా? దాంట్లో ఏముంది, ఎముకలు తప్ప?"

"మా అమ్మకి మేం పదిమందిమి, నేను ఆఖరోణ్ణి. గిన్నె నా దగ్గరకొచ్చేసరికి మిగిలేది అదే. ఇప్పుడు తొడ ముక్క పెట్టినా దిగదు."

"చిలగడదుంప?"

"వద్దమ్మగారూ. బెండకాయ వేపుడుంటే చాలు."

"ఊ" అంది అమ్మ. ఆ ఊ నాకు బాగా తెలుసు. బస్సుకి ముందు వచ్చే ఊ అది అనుకున్నాను. నేను ముందుకి వెళ్ళిపోయి తలుపు మీద బోర్డు తిప్పాను.

ఇక జనం చూడండి. తెల్లబట్టలు, తెల్లటోపీలు, పిల్లల బూట్ల చప్పుడు, "ఏమ్మా ఎలా ఉన్నావు", "బాగానే ఉన్నానండీ", "చిక్కిపోయావు తల్లీ", "అబ్బే లేదండీ". చిక్కిపోయిన మాట నిజమే, లంగా నడుం దగ్గర పిన్నీసు పెట్టుకున్నాను. ఏం తినబోయినా అట్టముక్క నమిలినట్టు ఉంటోంది. చల్లటి టీ తాగి పని కానిచ్చేస్తున్నాను. డెలోయిస్ పరుగులు పెడుతోంది. సాల్మన్ చేప గారెలు మూడు, చేపా గ్రిట్సూ రెండు, వాఫుల్ అట్టు మీద చికెన్ అయిదు, ఇంకో అయిదు. పాస్టర్ గారూ ఆయన భార్యా ఇంకా రాలేదు, వాళ్ళ బల్ల కిటికీ దగ్గర ఖాళీగా పెట్టాం.

మొదటి విడత ప్లేట్లు బయటికి వెళ్ళాయి. కాసేపటికి డెలోయిస్ నా మోచెయ్యి పట్టుకుంది.

"అక్కా, పింక్‌స్టన్ గారు అడుగుతున్నారు."

"ఏమని?"

"చికెన్ ఎవరు వేయించారని."

పింక్‌స్టన్ గారంటే చర్చిలో ముందు వరసలో కూర్చునే పెద్దావిడ. ఆవిడ బాగుందంటే బాగున్నట్టు, లేదంటే ఆ వంట చేసినవాళ్ళు ఊరు మారాల్సిందే. వెళ్ళి నిలబడ్డాను. ఆవిడ తెల్ల చేతితొడుగు ఒకటి విప్పి బల్ల మీద పెట్టింది. ముక్క కొరికినట్టుంది, కొంచెమే.

"కొత్తాయనండీ. ఆర్డెల్ అని."

"ఎవరివాళ్ళు?"

"ఫోర్ట్ వ్యాలీ వైపు వాళ్ళట."

"ఏ చర్చి?"

"అది కనుక్కోలేదండీ."

"కనుక్కోవాలమ్మా" అంది ఆవిడ. మళ్ళీ కొరికింది. నమిలింది, కళ్ళు మూసుకుని నమిలింది. పక్క బల్లవాళ్ళు కూడా ఆవిడ దవడ వంకే చూస్తున్నారు. "ఎవరో గానీ వీళ్ళమ్మ బాగా నేర్పింది. రెండో చెయ్యి తొడుగు కూడా తీసేస్తున్నాను. ఇంకో రెండు ముక్కలు పట్రా."

డెలోయిస్ నా వీపు మీద ఒక్కటి చరిచింది సంతోషంతో. "అక్కా, గట్టెక్కామే!" అంది. నేను కూడా సంతోషపడాలి. పడదామని చూశాను. ఏమీ లేదు లోపల. ఇదేదో అమ్మ చెవిన వేస్తే ఆ మనిషిని ఉంచుకుంటుందేమోనని మాత్రం అనుకున్నాను. జనం కాస్త నెమ్మదించాక వంటింటి తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాను.

ఆర్డెల్ పొయ్యి పక్కన నిలబడి తింటున్నాడు. ఎడమచేతిలో ప్లేటు. వెండికాగితం ఉండలా నలిపి పక్కన పడేసి ఉంది. తలెత్తి చూశాను. అర ఖాళీ.

అరికాళ్ళలోంచి మంట లేచింది నాకు. అన్నాళ్ళుగా ఎక్కడ దాక్కుందో ఏమో.

"ఎవడు తినమన్నాడు నిన్ను?"

ఆయన నోట్లో ముద్దతోనే నా వంక చూశాడు. "అమ్మా?"

"అమ్మా లేదు, బొమ్మా లేదు. కళ్ళు నెత్తికెక్కాయా? ఎవరిదో అడగక్కర్లేదా? అది మా తమ్ముడి ప్లేటు! వాడి ప్లేటు తినడానికి నువ్వెవడివి?"

"అరలో ఉంటే..."

"అరలో ఉంటే తినేస్తావా? వాడి పొయ్యి ఇచ్చాం, వాడి మూకుళ్ళిచ్చాం, ఇంకా వాడి తిండి కూడా కావలసొచ్చిందా నీకు? కింద పెట్టు. పెట్టు కింద! ఆ ఏప్రన్ విప్పేసి బయటికి నడు!"

నా గొంతు నాకే కొత్తగా ఉంది. బయట బల్లల దగ్గర చప్పుడు ఆగిపోయింది. ఆర్డెల్ ప్లేటు మెల్లిగా బల్ల మీద పెట్టాడు. చేతులు తుడుచుకున్నాడు. వెనక్కి చేతులు పెట్టి ఏప్రన్ ముడి విప్పుకోబోయాడు. మూకుట్లో ముక్కలు చిటచిటలాడుతూనే ఉన్నాయి.

"ఏమొచ్చిందే నీకు?" అంది అమ్మ. వాఫుల్ పెనాల దగ్గర్నుంచి గరిటె పట్టుకునే వచ్చింది. "దెయ్యం పట్టిందా? పెద్దమనిషి తన ప్లేటు తను తింటుంటే మధ్యలో నీకేం నొప్పి?"

"ఆయన ప్లేటా? అమ్మా, అది క్లీవన్‌ది."

"ఎవరిదీ?"

"క్లీవన్‌ది. నువ్వే పెట్టావు. ప్రతి ఆదివారం పెడుతూనే ఉన్నావు వాడికి."

అమ్మ నా మొహంలోకి చూసింది. కోపం లేదు. జ్వరం వచ్చిన పిల్లని చూసినట్టు చూసింది.

"క్లీవన్ చచ్చిపోయాడే" అంది. "నీకెవరూ చెప్పలేదా?"

నేను బల్ల మీది ప్లేటు వైపు వేలు చూపించాను.

"చచ్చిపోయినవాడికి ప్లేటెందుకు పెడతాను? నాకేమన్నా పిచ్చా? చూడు అందులో. వీపు ముక్క, బెండకాయ. పొద్దున ఈయన్ని అడిగి మరీ పెట్టాను. పొయ్యి దగ్గర మనిషి కదలడానికి ఉండదు గనక వాడి తిండి వాడి నెత్తిమీద పెట్టడం మీ నాన్న నాటి నుంచీ ఉన్నదేగా. ఎవరు మూకుళ్ళ ముందుంటే ప్లేటు వాళ్ళది."

అంటే అమ్మ పొద్దున్నే ఈయన్ని ఒప్పేసుకుంది. మూడో మనిషిని తరిమేయబోయింది ఆవిడ కాదు, నేను. ఆ సంగతి బుర్రలోకి దిగేలోపల దాని వెనకే ఇంకొకటి దిగింది.

"మరి... మరి ఇన్నాళ్ళూ పెట్టినవి?"

"ఇన్నాళ్ళూ మూకుళ్ళ ముందు నిలబడ్డది ఎవరే?"

నేను గోడకి చెయ్యి ఆన్చాను.

"రెక్కలూ, చిలగడదుంపలూ" అంది అమ్మ. "వాడు తింటాడా చిలగడదుంప? ఈ ఇంట్లో చిన్నప్పట్నుంచీ గిన్నె అడుగు గీకి మరీ తినేది ఎవరు?"

ముందు వైపు ఇన్నేళ్ళు పనిచేశాను. నాకెవరూ ప్లేటు పెట్టలేదు, నాకు అక్కర్లేకపోయింది. డబ్బుల పెట్టె దగ్గర నిలబడే ఏదో ఒకటి నోట్లో వేసుకునేదాన్ని. ఆ అర వంక చూస్తే నాకు తమ్ముడు తప్ప ఇంకెవరూ కనపడలేదు. నేను అక్కడ నిలబడి ఉన్నాననే నాకు తోచలేదు.

"పారేశానమ్మా నేను. అన్నీ పారేశాను."

"తెలుసు. వెనక డబ్బాలో ఏముందో నాకు కనపడదనుకున్నావా?"

"మరి ఒక్కసారైనా అడగలేదేం?"

"ఏమని అడగను?" అంది అమ్మ. గరిటె బల్ల మీద పెట్టింది. "తమ్ముణ్ణి పూడ్చి వచ్చిన దాన్ని, వారం తిరక్కుండా తీసుకెళ్ళి వాడి పొయ్యి దగ్గర నిలబెట్టాను. తప్పు నాది కదా. నా చేతి తిండి చెత్తలో పోస్తోందంటే, నా మీద కోపమో, దేవుడి మీద కోపమో, ఏదో ఒకటి అనుకున్నాను. గొంతు దిగిన రోజు అదే తింటుందిలే అనుకున్నాను. నువ్వు పారేస్తావని నేను పెట్టడం మానేస్తానా?"

నాకు అప్పుడు నొప్పి పుట్టింది. ఎక్కడని చెప్పను, రొమ్ముల మధ్య పుట్టి గొంతు దాకా వచ్చింది. అంత నొప్పి ఉంటుందని తెలిస్తే రానిచ్చేదాన్ని కాదు. వారం వారం నా చేత్తో వెండికాగితం విప్పడం, వెనక తలుపు తియ్యడం, అమ్మ అటు తిరిగి అంట్లు తోముతున్నట్టు నిలబడి ఉండడం, ఒక్కొక్కటీ కనపడింది. అమ్మకి మతి పోయిందని తేల్చేసుకున్నాను నా బుర్రలో. మతి తప్పింది నాకు.

"అమ్మా" అన్నాను. "తమ్ముడు పోయాడే."

అంతదాకా ఆ మాట నేను నోటితో అనలేదు. ఎవరితోనూ అనలేదు.

"అవునమ్మా" అంది అమ్మ. "పోయాడు."

పాల డబ్బాలు తెచ్చే పెట్టె ఒకటి బోర్లించి ఉంటే దాని మీద కూలబడి ఏడ్చాను. చిన్నగా కాదు, బయటికి వినపడేలాగే ఏడ్చాను. చర్చి బట్టల్లో కూర్చున్న ఊరంతా విననీ అనుకున్నాను. అమ్మ వచ్చి నా తల తన పొట్టకేసి అదుముకుంది. ఏప్రన్ నిండా వెన్నా పిండీ వాసన.

ఆర్డెల్ గోడవైపు తిరిగి నిలబడ్డాడు. కాసేపు ఓపిక పట్టి, పట్టి, చివరికి గొంతు సవరించుకున్నాడు.

"అమ్మగారూ, ఈ ఏప్రన్ విప్పమంటారా, కట్టుకోమంటారా? ఎందుకంటే ముక్కలు మాడేలా ఉన్నాయి."

"కట్టుకో నాయనా కట్టుకో. తిప్పు ముందు" అంది అమ్మ.

"నన్ను క్షమించండి ఆర్డెల్ గారూ" అన్నాను ముక్కు తుడుచుకుంటూ. "నోటికొచ్చినట్టు అనేశాను."

"జైల్లో వండినవాణ్ణమ్మా" అన్నాడాయన ముక్కలు తిప్పుతూ. "ఇంతకంటే పెద్దవి విన్నాను. కానీ ఆ బెండకాయ చల్లారకముందు తిననిస్తే మాత్రం సంతోషిస్తాను."

నవ్వొచ్చింది నాకు. ఏడుపులోనే వచ్చింది. నవ్వూ ఏడుపూ కలిసి వెక్కిళ్ళయ్యాయి.

అమ్మ ప్లేటు తీసింది. ఆవిడ ప్లేటు సర్దడం చూసి చాలా కాలమైంది. ఆకుకూరని పిండి ఒక పక్కన పెట్టింది, దాని నీళ్ళు మిగతావాటికి తగలకుండా. మాకరోనీ అంచు దగ్గర కరకరలాడే ముక్క కోసింది. ఆర్డెల్ అడక్కుండానే మూకుట్లోంచి రెక్కలు తీసి ఆరబెట్టాడు. అమ్మ వెండికాగితం కోసం చెయ్యి చాపి, ఆగి, వద్దులే అన్నట్టు చెయ్యి వెనక్కి తీసుకుంది. ప్లేటు నా ఒళ్ళో పెట్టింది. తను స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చుంది.

"తిను."

"బయట జనం ఉన్నారమ్మా."

"ఉంటారు. తిను."

రెక్క కొరికాను. వేడి, నాలిక కాలింది. ఉప్పు తగిలింది, మిరియం తగిలింది, మజ్జిగలో నానిన పులుపు తగిలింది. కన్నీళ్ళు కారుతూనే ఉన్నాయి, నములుతూనే ఉన్నాను. అమ్మ ఒక్కొక్క ముద్దా నా గొంతులోంచి దిగేదాకా చూస్తోంది.

అప్పుడు డెలోయిస్ తలుపులోంచి తల పెట్టింది. ఆదుర్దాలో దానికి నా మొహం కూడా కనపడలేదు.

"పెద్దమ్మా, పాస్టర్ గారు వచ్చి కూర్చుని ఎంతసేపయిందో! వాఫుల్స్ ఏవి? ఆయన భార్య రెండుసార్లు గడియారం చూసుకుంది. చర్చి పెద్దలు, డీకన్ల బల్లవాళ్ళు, అప్పుడే గొణుగుతున్నారు."

నా ఎరుకలో మా అమ్మ పాస్టర్ గారిని ఎన్నడూ ఆగమన్నది లేదు. ఒకసారి చెయ్యి కాలి బొబ్బలెక్కినా ముందు ఆయన ప్లేటు పంపించాకే నీళ్ళల్లో పెట్టుకుంది. నేను ప్లేటు పక్కన పెట్టి లేవబోయాను. అమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కింది.

"ఆగమను" అంది.

"ఆగమనా? పాస్టర్ గారినా?" డెలోయిస్ గుడ్లు తేలేసింది. "ఏమని చెప్పను పెద్దమ్మా?"

"నా కూతురు తింటోందని చెప్పు."